సాగదీస్తే స్ఫటికమయ్యే రబ్బరు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను తిరుపతిలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. పాలిమర్ల పాఠం మొదలుపెట్టే రోజు క్లాసులో తలా ఒక రబ్బరు బ్యాండు పంచుతాను. ఆ గంట అయ్యాక పిల్లలు అడిగినవి, వాళ్ళు ఇంటికెళ్ళి చెబితే అమ్మానాన్నలు అడిగి పంపినవి, పంక్చరు షాపులో బండికి గాలి పట్టించుకుంటూ మాటల్లో పడితే అక్కడివాళ్ళు అడిగినవి, అన్నీ కలిపి ఇక్కడ రాశాను. మా చిత్తూరు వైపు పెద్దవాళ్ళు దీన్ని ‘లబ్బరు’ అంటారు. ఒక్క రూపాయి ఖర్చుతో ఎవరింట్లో వాళ్ళు చేసి చూసుకోగల ఇంత మంచి ప్రయోగం నాకు తెలిసి కెమిస్ట్రీలో ఇంకొకటి లేదు.

స్ఫటికం అంటే ఉప్పు, పటిక లాంటివి కదా? మెత్తటి రబ్బరులో స్ఫటికాలేమిటి?

పరమాణువులు ఒకే అంతరంతో, ఒకే అమరికలో, వరస తప్పకుండా పేర్చుకుని ఉంటే దాన్ని స్ఫటికం అంటాం. ఉప్పుకల్లులో, కలకండలో ఉన్నది ఆ అమరికే. మామూలుగా పడి ఉన్న రబ్బరు బ్యాండులో అలాంటి వరస ఏదీ ఉండదు. దాన్ని నాలుగైదు రెట్లు సాగదీస్తే లోపల అక్కడక్కడా సన్నటి స్ఫటికాలు పుడతాయి. వదిలితే కరిగిపోతాయి. మళ్ళీ లాగితే మళ్ళీ పుడతాయి.

అంతమాత్రాన రబ్బరంతా స్ఫటికమైపోదు. తిరుమల లడ్డూ తినేటప్పుడు మెత్తటి బూందీ మధ్య ఎక్కడో ఒకచోట కలకండ పలుకు పంటికి తగులుతుంది చూడండి, బాగా సాగిన రబ్బరు లోపల అలా ఉంటుంది. మెత్తటి భాగమే ఎక్కువ, మధ్యమధ్య గట్టి పలుకులు. తెగిపోయే దాకా లాగినా ఆ పలుకుల వాటా మామూలుగా 20 నుంచి 30 శాతం. ఒక్కో పలుకు కొన్ని నానోమీటర్ల నుంచి కొన్ని పదుల నానోమీటర్ల వరకు ఉంటుంది. మన తలవెంట్రుక మందమే 80,000 నానోమీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి వీటిని కంటితో చూడటం కుదరదు.

మరి ఇంట్లో ఎలా తెలుసుకోవాలి?

పెదవితో. చర్మం మీద చిన్న వేడి తేడాను బాగా పసిగట్టే చోట్లలో పెదవి ఒకటి.

వెడల్పాటి బ్యాండు తీసుకోండి. కొత్తిమీర కట్టకు వేసే సన్నవాటి వేడి లాగీలాగగానే గాల్లో కలిసిపోతుంది, అందుకని అవి వద్దు. బ్యాండును రెండు చేతులతో వదులుగా పట్టుకుని పై పెదవికి ఆనించి, ఎంత చల్లగా ఉందో గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు ముఖానికి కాస్త దూరం జరిపి, ఒక్క ఊపున బాగా లాగి, వెంటనే పెదవికి ఆనించండి. వెచ్చగా తగులుతుంది. లాగిన బ్యాండును అలాగే ఒక అర నిమిషం పట్టుకుంటే ఆ వెచ్చదనం పోయి గది వేడికి వచ్చేస్తుంది. తర్వాత చేతులు చటుక్కున దగ్గరకు తెచ్చి మళ్ళీ ఆనించండి. ఈసారి తడిగుడ్డ తగిలినట్టు చల్లగా ఉంటుంది.

ఇందులో చాలామంది చేసే తప్పు నెమ్మదిగా లాగడం. అలా లాగితే పుట్టిన వేడి పుట్టినట్టే బయటికి పోతుంది. చల్లదనం తెలియాలంటే అర నిమిషం ఆగడం కూడా తప్పనిసరి.

కాలం కూడా చూసుకోవాలి. మొదటి ఏడాది ఈ ప్రయోగాన్ని ఏప్రిల్ చివర్లో, మధ్యాహ్నం క్లాసులో చేయించాను. సగం మంది పిల్లలు తేడా తెలియడం లేదన్నారు. తిరుపతిలో ఆ వేళకు గదే పెదవి కంటే వేడెక్కి ఉంటుంది, ఇక వెచ్చదనం ఏం తెలుస్తుంది? ఇప్పుడు డిసెంబరులో, ధనుర్మాసం చలిలో, పొద్దున మొదటి పీరియడ్‌లో చేయిస్తున్నాను. అందరికీ తెలుస్తోంది. కళ్ళద్దాలు ఉన్నవాళ్ళు పెట్టుకునే చేయాలి, లేనివాళ్ళు లాగేటప్పుడు కళ్ళు మూసుకోవాలి. తెగిన బ్యాండు కంట్లో కొడితే చిన్న విషయం కాదు.

సార్, అది రాపిడి వేడే కదా?

ప్రతి ఏడూ మొదట వచ్చే ప్రశ్న ఇదే, రావాల్సిన ప్రశ్న కూడా. జవాబు ప్రయోగం రెండో సగంలో ఉంది. రాపిడి అయితే లాగినప్పుడూ వేడే పుట్టాలి, వదిలినప్పుడూ వేడే పుట్టాలి. అరచేతులు ఎటు రుద్దినా వేడెక్కుతాయి కదా. వదిలినప్పుడు రబ్బరు చల్లబడింది. రాపిడి ఏ వస్తువునూ చల్లబరచలేదు.

ఆ వేడికి రెండు కారణాలున్నాయి. మొదటిది ఎంట్రోపీ, అంటే గందరగోళం ఎంత ఉందో చెప్పే కొలత. వదులుగా ఉన్న రబ్బరులో గొలుసుల్లాంటి పొడవాటి అణువులు రకరకాలుగా మెలికలు తిరుగుతూ ఉంటాయి. లాగితే ఆ స్వేచ్ఛ తగ్గి చక్కబడతాయి, తగ్గిన గందరగోళానికి సరిపడా వేడి బయటపడుతుంది. స్ఫటికం కాని రబ్బర్లలోనూ ఇది జరుగుతుంది. రెండోది స్ఫటికాలు పుట్టినప్పుడు విడుదలయ్యే గుప్తోష్ణం. నీళ్ళు గడ్డకట్టేటప్పుడు వేడిని బయటికి వదిలినట్టు, కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కున్నట్టు, రబ్బరు కూడా చేస్తుంది. బ్యాండును రెండు రెట్లు మాత్రమే లాగి పెదవికి పెట్టి చూడండి, తేడా తెలిసీ తెలియనట్టు ఉంటుంది. నాలుగు రెట్లు దాటించి చూడండి. అక్కడ స్ఫటికాల వేడి కూడా వచ్చి కలుస్తుంది. ఐదారు రెట్లు ఒక్కసారిగా లాగితే పది డిగ్రీల దాకా పెరిగే అవకాశం ఉంది.

లోపల జరిగేది కొంచెం వివరంగా చెప్పండి.

సహజ రబ్బరు పేరు సిస్-1,4-పాలీఐసోప్రీన్. ఐదు కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు ఉన్న ఐసోప్రీన్ అనే చిన్న ముక్కలు వేల సంఖ్యలో ఒకదాని వెంట ఒకటి అతుక్కుని పొడవాటి గొలుసు అవుతాయి. ప్రతి ముక్కలో రెండు కార్బన్ల మధ్య ఒక జంట బంధం ఉంటుంది. ‘సిస్’ అంటే గొలుసు ముందుకు సాగే రెండు కొసలూ ఆ జంట బంధానికి ఒకే పక్కన ఉండటం. చెట్టు తయారుచేసే రబ్బరులో దాదాపు ప్రతి ముక్కా సిస్సే. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

కల్యాణకట్టలో తలనీలాలు కుప్పగా పడి ఉన్నప్పుడు ఎలా ఉంటాయి? ఏ వెంట్రుక ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియదు. అదే జుట్టును చిక్కుతీసి, దువ్వి, కట్టలు కడితే వెంట్రుక పక్కన వెంట్రుక ఒద్దికగా సర్దుకుని కట్ట సన్నబడుతుంది. రబ్బరును లాగడం అలా దువ్వడమే. పోలిక ఇంతవరకే సరిపోతుంది, ఎందుకంటే రబ్బరు గొలుసులు జుట్టులా ఊరికే పడి ఉండవు. ఎప్పుడూ కదులుతూ, మెలికలు మార్చుకుంటూ ఉంటాయి. పైగా గంధకం వేసి వేడిచేసినప్పుడు, అంటే వల్కనైజ్ చేసినప్పుడు, గొలుసుకూ గొలుసుకూ మధ్య అక్కడక్కడా ముడి పడి ఉంటుంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టింది ఈ ముడినే. ముడి లేకపోతే లాగినప్పుడు గొలుసులు ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. ముడి ఉంటే రెండు ముడుల మధ్య భాగం బిగుసుకుని తిన్నగా అవుతుంది. తిన్నగా అయిన భాగాలు నాలుగు పక్కపక్కన పడితే, అన్నీ ఒకే ఆకారం కాబట్టి, ఒకదానిలో ఒకటి ఇమిడిపోయి స్ఫటికంగా కుదురుకుంటాయి.

నాకు అన్నిటికంటే అందంగా అనిపించేది దీని వెనక ఉన్న లెక్క. ఏ పదార్థమైనా గడ్డకట్టాలంటే చల్లబరచాలి అని మనం అనుకుంటాం. వదులుగా ఉన్న రబ్బరు స్ఫటికాలు 30 డిగ్రీల చుట్టుపక్కలే కరిగిపోతాయి. అలాంటప్పుడు 35 డిగ్రీల తిరుపతి గదిలో అవి ఎలా నిలబడతాయి? స్ఫటికంలోకి వెళ్ళాలంటే గొలుసు తన స్వేచ్ఛను వదులుకోవాలి. సాగిన గొలుసు ఆ స్వేచ్ఛలో చాలా భాగం ముందే పోగొట్టుకుంది. పోగొట్టుకోవడానికి మిగిలింది తక్కువ కాబట్టి అది తేలిగ్గా స్ఫటికం అవుతుంది, కరగాలంటే ఇంకా ఎక్కువ వేడి కావాలి. అంటే లాగడం వల్ల రబ్బరు కరిగే ఉష్ణోగ్రతే పైకి జరుగుతుంది. చల్లబరచకుండా, చేత్తో లాగి గడ్డకట్టించడం అన్నమాట. దీన్ని సిద్ధాంతంగా కట్టి 1947లో రాసినాయన పాల్ ఫ్లోరీ. పాలిమర్ల మీద ఆయన చేసిన పనికి 1974లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఎంత లాగితే మొదలవుతుంది?

గది ఉష్ణోగ్రతలో, వల్కనైజ్ చేసిన మామూలు రబ్బరును అసలు పొడవుకు నాలుగు రెట్లు చేస్తే మొదలవుతుంది. రబ్బరు తయారీని బట్టి కొంచెం అటూ ఇటూ. బ్యాండు మీద పెన్నుతో సెంటీమీటరు దూరంలో రెండు గీతలు గీసి లాగండి, గీతల మధ్య దూరం నాలుగు సెంటీమీటర్లు దాటితే మీ చేతుల మధ్య స్ఫటికాలు ఉన్నట్టే.

వెనక్కి వచ్చేటప్పుడు మాత్రం నాలుగు రెట్ల దగ్గర అవి మాయం కావు. మూడు రెట్లకో, అంతకన్నా కిందికో వచ్చాకగానీ పూర్తిగా కరగవు. కొత్తగా పుట్టడం కష్టం, పుట్టినది నిలబడటం తేలిక. లాగేటప్పుడు పెట్టిన శక్తి అంతా వదిలేటప్పుడు తిరిగి రాకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

వేడి పెరిగితే ఇంకా ఎక్కువ లాగాలి. 80 డిగ్రీలు దాటేకొద్దీ స్ఫటికాలు పుట్టడం బాగా తగ్గిపోతుంది. నల్లటి టైరు రబ్బరులో కలిపే కార్బన్ పొడి దీనికి ఎదురు పనిచేస్తుంది. ఆ రేణువులు సాగవు కాబట్టి వాటి మధ్య ఇరుక్కున్న రబ్బరే ఎక్కువ సాగాల్సి వస్తుంది, అందుకని బయటికి రెండు రెండున్నర రెట్లే లాగినా లోపల స్ఫటికాలు మొదలవుతాయి.

ఇది ఎవరు కనిపెట్టారు?

పెదవి ప్రయోగం నాది కాదు. ఇంగ్లండ్ ఉత్తరాన కెండల్ అనే ఊళ్ళో జాన్ గఫ్ అని ఒకాయన ఉండేవారు. చిన్నప్పుడు మశూచి వచ్చి చూపు పోయింది. పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్ కుర్రవాడిగా ఉన్నప్పుడు ఆయన దగ్గరే చదువుకున్నారు. చూపు లేని ఆ మనిషి రబ్బరు ముక్కను పెదవుల మధ్య పెట్టుకుని, లాగితే వెచ్చబడుతోందనీ వదిలితే చల్లబడుతోందనీ గమనించి 1805లో అచ్చు వేయించారు. ఇంకో రెండు సంగతులు కూడా రాశారు. బరువు వేలాడదీసిన రబ్బరును వేడిచేస్తే సాగకుండా కుదించుకుపోతుందని ఒకటి. సాగిన రబ్బరును చల్లటి నీళ్ళలో పెడితే వెనక్కి ముడుచుకునే గుణం కొంత పోగొట్టుకుంటుందని, వెచ్చబెడితే మళ్ళీ వస్తుందని ఇంకొకటి. ఆ మూడో సంగతి స్ఫటికాల సంగతే. 1805లో దాన్ని అలా అర్థం చేసుకునే దారి లేదు, అయినా చూసింది చూసినట్టు రాసిపెట్టారు. ఈ కథ చెప్పినప్పుడు క్లాసు నిశ్శబ్దమవుతుంది. గమనించడానికి చూపు ఒక్కటే దారి కాదని పిల్లలకు నేను విడిగా చెప్పనక్కర్లేదు.

1859లో జేమ్స్ జౌల్ ఈ వేడిని పరికరాలతో కొలిచి గఫ్ చెప్పింది నిజమని తేల్చారు. స్ఫటికం అన్న మాట మాత్రం 1925లో వచ్చింది. డచ్చి శాస్త్రవేత్త జె. ఆర్. కాట్జ్ రబ్బరు మీద ఎక్స్-రేలు పంపి చూశారు. వదులుగా ఉన్న రబ్బరు ఫిల్ము మీద మసకమసకగా ఒక వలయం ఇచ్చింది. ద్రవాలు ఇచ్చేది కూడా అలాంటి వలయమే. అదే రబ్బరును సాగదీసి తీస్తే వలయంతో పాటు విడివిడిగా పదునైన చుక్కలు వచ్చాయి. అలాంటి చుక్కలు వరసగా పేర్చిన పరమాణువులు ఉంటేనే వస్తాయి. 1942లో సి. డబ్ల్యు. బన్ ఆ చుక్కల నుంచి స్ఫటికం లోపలి అమరిక కొలతలు లెక్కగట్టారు.

కాట్జ్ కాలంలో ఒక ఫోటోకు చాలాసేపు పట్టేది. అంతసేపూ రబ్బరును కదలకుండా లాగిపట్టి ఉంచాలి. ఇప్పుడు సింక్రోట్రాన్ అనే మహా తీక్షణమైన ఎక్స్-రే యంత్రాలతో లాగుతుండగానే వరసగా ఫోటోలు తీస్తున్నారు. మన దేశంలో ఇందోర్‌లో అలాంటి యంత్రం ఉంది, పేరు ఇండస్-2. 2000 తర్వాత వివిధ దేశాల్లో తీసిన ఇలాంటి ఫోటోల వల్ల ఒక ఆశ్చర్యం బయటపడింది. రబ్బరు బాగా సాగినప్పుడు కూడా సగానికి పైగా గొలుసులు చిక్కుగానే ఉంటున్నాయి. ముందుగా బిగుసుకున్న కొన్ని గొలుసులే స్ఫటికాలకు మొలకలవుతున్నాయి.

స్ఫటికమైతే పెళుసుగా విరిగిపోవాలి కదా, గట్టిపడటం ఎందుకు?

కలకండ మొత్తం స్ఫటికం కాబట్టి విరుగుతుంది. రబ్బరులో పలుకుకూ పలుకుకూ మధ్య మెత్తటి రబ్బరు ఉంది. ఒక్కో గొలుసు ఒక పలుకులోంచి బయటికి వచ్చి, మెత్తటి భాగం గుండా పోయి, ఇంకో పలుకులో దూరుతుంది. ఆ పలుకులన్నీ అప్పటికప్పుడు పడిన అదనపు ముడులు. బ్యాండును లాగుతూ పోతే చివర్లో ఒక్కసారిగా బిగుసుకుపోయినట్టు అనిపిస్తుందే, అందులో గొలుసుల పొడవు అయిపోవడంతో పాటు ఈ ముడుల పాత్ర కూడా ఉంది.

సరే, ఇదంతా తెలుసుకుని ఏం లాభం? టైరుకు, దీనికి సంబంధం ఉందా?

ఉంది. నన్నడిగితే ఈ పేజీలో అసలు చెప్పాల్సింది ఇదే.

పంక్చరు షాపులో ఒకాయన నాతో అన్న మాట: "గాటు పడిన టైరు గూడా నెలల తరబడి లాగతా ఉంది సార్. వేరే ఏదైనా అయితే ఆ దినమే నిలువునా చీలిపోయేది." ఆయన చూసింది నిజం. ఏ వస్తువులో అయినా చిన్న గాటు ఉంటే, లాగినప్పుడు ఆ గాటు మొన దగ్గర ఒత్తిడి పోగవుతుంది. గుడ్డకు కత్తెరతో చిన్న కోత పెడితే మిగతాది చేత్తో చింపేయొచ్చు, కారణం అదే. రబ్బరులో కూడా గాటు మొన దగ్గరే అన్నిచోట్ల కంటే ఎక్కువ సాగుతుంది. మొత్తం టైరు పదో పాతికో శాతమే సాగి ఉండొచ్చు, గాటు మొన దగ్గర మాత్రం అది నాలుగైదు రెట్లు దాటిపోతుంది. అంత సాగితే ఏమవుతుంది? స్ఫటికాలు పుడతాయి. అంటే ఎక్కడ చిరగబోతుందో సరిగ్గా అక్కడే, చిరగబోయే క్షణంలోనే రబ్బరు గట్టిపడుతుంది. చీలిక ముందుకు పోవడానికి దారి దొరకక ఆగుతుంది, లేదంటే పక్కకు తిరుగుతుంది. చిరిగిన నల్ల రబ్బరు అంచు చూడండి, చాలాసార్లు తిన్నగా ఉండదు, వంకరలు తిరిగి ముద్దలు ముద్దలుగా ఉంటుంది. చీలిక ఎన్ని చోట్ల అడ్డుకోబడిందో ఆ వంకరలే చెబుతాయి.

మనం పైనుంచి ఏమీ చేయనక్కర్లేదు. ఎక్కడ గట్టిపడాలో ఎవరూ దానికి చెప్పరు. ప్రమాదం ఉన్నచోటే బలం పుట్టడం, ప్రమాదం తీరగానే మళ్ళీ మెత్తబడటం, ఈ రెండూ ఒకే పదార్థంలో ఇంత సహజంగా కుదరడం నేను ఇంకెక్కడా చూడలేదు.

అంకెలతో చెబితే ఇంకా స్పష్టంగా ఉంటుంది. కార్బన్ పొడి లాంటి పూరకాలేవీ కలపకుండా, వల్కనైజ్ మాత్రమే చేసిన సహజ రబ్బరు తెగడానికి 20 నుంచి 30 మెగాపాస్కల్‌ల ఒత్తిడి కావాలి. స్టైరీన్, బ్యూటాడైన్ కలిపి చేసే కృత్రిమ రబ్బరు అలాగే తీసుకుంటే రెండు మూడు మెగాపాస్కల్‌లకే తెగిపోతుంది. అందులో రెండు రకాల ముక్కలు ఏ వరసా లేకుండా కలిసి ఉంటాయి. పక్కపక్కన చేరినా ఒకదానిలో ఒకటి ఇమడవు, స్ఫటికం కాలేవు. కార్బన్ పొడి బాగా కలిపాకే దానికి బలం వస్తుంది.

ఇప్పుడు తిరుమల ఘాట్ రోడ్డు తలుచుకోండి. 1944లో వేసిన పాత దారి ఇప్పుడు దిగడానికి, 1974లో వేసింది ఎక్కడానికి. నిండు బస్సు మలుపు మలుపుకూ ఒరుగుతూ దిగుతుంటే టైరు పక్కగోడలు నొక్కుకుని, సాగి, మళ్ళీ వదులవుతాయి. బస్సు టైరు చుట్టుకొలత సుమారు మూడు మీటర్లు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతే చక్రం సెకనుకు దాదాపు మూడు చుట్లు తిరుగుతుంది, ప్రతి చుట్టులో టైరులోని ప్రతి చోటూ ఒకసారి నలుగుతుంది. స్ఫటికాలు పుట్టడానికి పట్టే సమయం సెకనులో చిన్న భాగమే కాబట్టి ఆ వేగాన్ని అవి అందుకోగలవు. బస్సులు, లారీలు, విమానాల టైర్లలో ఇప్పటికీ సహజ రబ్బరు వాటా ఎక్కువ ఉండటానికి పెద్ద కారణం ఈ చీలికను ఆపే గుణమే. కార్ల టైర్ల పై పొరలో కృత్రిమ రబ్బరు ఎక్కువ వాడతారు.

దీనికి ఒక హద్దు ఉంది. టైరు బాగా వేడెక్కితే స్ఫటికాలు పుట్టడం తగ్గుతుందని పైన చెప్పాను. గాలి తక్కువ ఉన్న టైరు ఎక్కువ నలిగి, ఎక్కువ వేడెక్కి, ఆ రక్షణను తానే పోగొట్టుకుంటుంది. ఎండాకాలం ఘాట్ ఎక్కే ముందు గాలి చూసుకోమని డ్రైవర్లు చెప్పే మాటకు ఇదీ ఒక కారణం. దయచేసి చూసుకోండి.

పూర్తిగా వదులయ్యేలా వాడితే మంచిదా, కొంచెం బిగించి ఉంచితే మంచిదా?

బిగించి ఉంచిన రబ్బరు త్వరగా పాడవుతుందని అందరం అనుకుంటాం. లక్షల సార్లు సాగుతూ ముడుచుకుంటూ ఉండే సహజ రబ్బరు విషయంలో ఇది తారుమారు. ప్రతిసారీ పూర్తిగా వదులయ్యే రబ్బరు కంటే, ఎప్పుడూ కొంత సాగి ఉండి దాని పైన కదిలే రబ్బరు ఎక్కువ కాలం మన్నుతుందని 1940లోనే ప్రయోగాలు చేసి చూపించారు. పూర్తిగా వదిలినప్పుడు గాటు మొన దగ్గరి స్ఫటికాలు కరిగిపోతాయి, తర్వాతి లాగుకు రక్షణ మళ్ళీ మొదటి నుంచి కట్టుకోవాలి. కొంచెం బిగువు మిగిలి ఉంటే ఆ స్ఫటికాలు కొన్ని కరగకుండా కాపలా ఉంటాయి. రబ్బరు స్ప్రింగులు డిజైను చేసేవాళ్ళు ఈ సంగతి చూసుకుంటారు.

అయితే, మోపెడ్ వెనక పాలక్యాను కట్టే ట్యూబు ముక్కను రాత్రంతా బిగించి ఎండలో వదిలేయమని దీని అర్థం కాదు. అక్కడ శత్రువు వేరే. అది తర్వాతి ప్రశ్నలో ఉంది.

పాత బ్యాండు ముట్టుకుంటేనే తెగిపోతుంది. స్ఫటికాలు ఏమయ్యాయి?

గొలుసులే తెగిపోయాక స్ఫటికాలు ఎలా వస్తాయి? గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ గొలుసులోని జంట బంధాల మీద దాడి చేస్తాయి. సాగి ఉన్న రబ్బరు మీద ఓజోన్ ఇంకా త్వరగా పనిచేసి లాగిన దిశకు అడ్డంగా పగుళ్ళు తెస్తుంది. మా ల్యాబ్‌లో ఇనుప బీరువాలో పెట్టిన డబ్బాడు బ్యాండ్లు ఒక వేసవి సెలవుల తర్వాత తీస్తే ఒకదానికొకటి అంటుకుని జిగటగా అయిపోయాయి. ఆ బీరువా పడమటి గోడకు ఉంది. అప్పటి నుంచి మూత గట్టిగా ఉన్న డబ్బాలో, చీకటిలో, చల్లటి చోట పెడుతున్నాం.

ఫ్రిజ్‌లో పెట్టినా రబ్బరు గట్టిపడుతుంది. అదీ ఇదీ ఒకటేనా?

చలికి గట్టిపడటంలో రెండు రకాలున్నాయి. సుమారు మైనస్ 70 డిగ్రీల దగ్గర రబ్బరు గాజులా అవుతుంది. అప్పుడు గొలుసులు ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి, వరస మాత్రం ఉండదు. సుత్తితో కొడితే ముక్కలవుతుంది. ఇది స్ఫటికం కాదు. రెండోది నిజంగానే స్ఫటికం కావడం. లాగకపోయినా పచ్చి రబ్బరు చలిలో నెమ్మదిగా స్ఫటికమవుతుంది, మైనస్ 25 డిగ్రీల దగ్గర ఆ వేగం అన్నిటికంటే ఎక్కువ. చలిదేశాల గోదాముల్లో రబ్బరు బేళ్ళు రాళ్ళలా గట్టిపడితే వెచ్చటి గదుల్లో పెట్టి మెత్తబరుస్తారు. వల్కనైజ్ చేసిన బ్యాండులో ముడులు అడ్డం పడతాయి కాబట్టి మీ ఇంటి ఫ్రీజరులో ఒక రాత్రి పెట్టినా పెద్దగా తేడా కనిపించదు.

చెట్టు పాలు గడ్డకట్టించి చేసిన పచ్చి రబ్బరు షీటు ముక్క దొరికితే గఫ్ మూడో ప్రయోగం చేయండి. గోరువెచ్చటి నీళ్ళలో లాగి, లాగిన చేతులు వదలకుండా ఐసు నీళ్ళలో కాసేపు ముంచి, అక్కడే వదిలేయండి. సాగింది సాగినట్టు ఉండిపోతుంది. వేడి నీళ్ళలో వేస్తే పాములా ముడుచుకుంటుంది. కేరళ నుంచి తెచ్చిన ఒక్క ముక్కతో నేను ఏళ్ళ తరబడి ఇది చూపిస్తున్నాను.

ఐసోప్రీన్‌ను ఫ్యాక్టరీలోనే గొలుసు కట్టొచ్చు కదా, చెట్టు ఎందుకు?

కడుతున్నారు. ఫ్యాక్టరీ పాలీఐసోప్రీన్‌లో సిస్ ముక్కలు మంచి రకంలో 98 శాతం దాకా ఉంటాయి. మిగిలిన రెండు శాతం తక్కువ అనిపిస్తుంది, కానీ ప్రతి యాభైలో ఒక ముక్క వంకరగా ఉంటే గొలుసులు స్ఫటికంలో ఇమడటానికి అక్కడ అడ్డు తగులుతుంది. చెట్టు రబ్బరులో ఆ అడ్డు దాదాపు లేదు. దానికి తోడు చెట్టు పాలలోని ప్రొటీన్లు, కొవ్వు పదార్థాలు కూడా సాయపడతాయి. అందుకే చెట్టు రబ్బరు త్వరగా, ఎక్కువగా స్ఫటికమవుతుంది.

ట్రాన్స్ రకం ఉంటుందా?

ఉంటుంది, గట్టా పెర్చా. అవే ఐసోప్రీన్ ముక్కలు, గొలుసు కొసలు మాత్రం జంట బంధానికి చెరో పక్కన ఉంటాయి, ‘ట్రాన్స్’ అంటే అదే. ఆ గొలుసు తిన్నగా ఉండటం వల్ల లాగకుండానే, మామూలు గదిలోనే స్ఫటికమై గట్టిగా ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దంలో సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగలకు తొడుగు దానితోనే చేశారు. పంటికి రూట్ కెనాల్ చేశాక డాక్టరు లోపల నింపేది ఇప్పటికీ అదే.

మన జిల్లాలో రబ్బరు చెట్లు పెంచొచ్చా?

కష్టం. రబ్బరు చెట్టుకు ఏడాది పొడవునా తేమ, సుమారు 2,000 మిల్లీమీటర్ల వాన కావాలి. మనకు అందులో సగం పడినా మంచి ఏడాది కిందే లెక్క. దేశంలో కేరళ మొదటి స్థానంలో, త్రిపుర రెండో స్థానంలో ఉన్నాయి. మన దగ్గర చెట్లు లేకపోయినా టైర్ల ఫ్యాక్టరీ ఉంది, వరదయ్యపాళెం మండలం చినపాండూరులో.

పెన్సిల్ రాతను చెరిపే రబ్బరుతో పెదవి ప్రయోగం చేయొచ్చా?

వద్దు. ఇప్పుడు దొరికే చాలా ఎరేజర్లు వేరే ప్లాస్టిక్‌తో చేసినవి. అవి సాగవు కూడా.

సైన్స్ ఫెయిర్‌కు ప్రాజెక్టుగా పెట్టాలంటే ఎలా?

పెదవితో తెలుసుకున్నది అంకెల్లో చూపిస్తే సరిపోతుంది. ఫిజియోథెరపీకి వాడే వెడల్పాటి రబ్బరు పట్టీ ఒకటి కొనండి, లేటెక్స్ అని రాసి ఉన్నది అడిగి తీసుకోండి. చాలా స్కూళ్ళలో కరోనా కాలంలో కొన్న థర్మామీటరు గన్ మూలన పడి ఉంటుంది. జ్వరం చూసే మోడ్‌లో అది సరైన అంకె చూపించదు, వస్తువుల ఉపరితలం కొలిచే మోడ్‌కు మార్చుకోవాలి.

పట్టీ మీద ఐదు సెంటీమీటర్ల దూరంలో రెండు గీతలు గీయండి. ఒకరు లాగాలి, ఒకరు గన్ పట్టుకోవాలి, ఒకరు రాసుకోవాలి. రెండు రెట్లు, మూడు, నాలుగు, ఐదు రెట్లు, ఒక్కో దాన్ని విడివిడిగా ఒక్క ఊపున లాగి వెంటనే ఉష్ణోగ్రత చూడండి. ప్రతి లాగుకూ మధ్య రెండు నిమిషాలు ఆగి పట్టీని గది వేడికి రానివ్వండి. ఒక్కో కొలతను ఐదుసార్లు చేసి సగటు తీసి గ్రాఫు గీస్తే, నాలుగు రెట్ల చుట్టుపక్కల గీత నిటారు అవుతుందేమో చూడండి. తర్వాత వదిలేటప్పటి చల్లదనాన్ని కూడా ఇలాగే కొలవండి. ఆస్పత్రుల్లో వాడే నీలిరంగు నైట్రైల్ గ్లౌజు నుంచి కత్తిరించిన పట్టీతో పక్కనే ఇదే ప్రయోగం చేస్తే పోల్చడానికి బాగుంటుంది. నైట్రైల్ రబ్బరు స్ఫటికం కాదు, అంతగా సాగదు కూడా, తెగే ముందు ఆపేయండి. రెండింటికీ బ్లేడుతో ఒకే కొలత గాటు పెట్టి ఏది ముందు చీలుతుందో కూడా చూడొచ్చు, బ్లేడు పని మాత్రం టీచరు చేతే చేయించండి.

కొలతల పక్కన ఆ రోజు గది ఉష్ణోగ్రత తప్పకుండా రాయండి. జనవరిలో పలమనేరులో చేసినవాళ్ళ గ్రాఫూ, మార్చిలో శ్రీకాళహస్తిలో చేసినవాళ్ళ గ్రాఫూ ఒకేలా రావు.